లస్మవ్వ మడిగెకు పడ్డ చుక్కలు

గోదావరిఖనిలో ఒక గని గేటు ఎదుటి కొట్లో ఇరవయ్యేళ్లకు పైగా టిఫిన్ పెట్టిన లస్మవ్వను ఆ మడిగె ఖాళీ చేయమన్నారు. కారణం అడిగితే ఫోను చూపించారు. నీ వంట బాగాలేదని నీ గిరాకీలే చెప్పారన్నారు. ఆమె చేతి తిండి తిన్నవాణ్ని కాబట్టి ఆ మాట నాకింకా మింగుడు పడలేదు.

ఇంటర్ మధ్యలో వదిలేసి బొగ్గు లారీల మీద కాంట్రాక్టు పని చేసిన రోజుల్లో నాకు ఆ మడిగెలోనే తెల్లవారేది. రాత్రి షిఫ్టు ముగించుకుని పైకొచ్చినవాళ్లు హెల్మెట్లు చంకన పెట్టుకుని వరుసగా నిలబడేవారు. ముఖాలన్నీ బొగ్గు, నవ్వితే పళ్లు మాత్రం తెల్లగా కనిపించేవి. చలికాలం పూరీల మూకుడు చుట్టూ జాగా కోసం తోసుకునేవాళ్లం. పొట్లాలకు తెచ్చిన పాత పేపర్లలో కథలున్న పేజీలను లస్మవ్వ నా కోసం తీసి పక్కన పెట్టేది. బడిలో చదివినదానికంటే ఆ నూనె మరకల కాగితాల మీద చదివిందే నాకు ఎక్కువ గుర్తు.

టిఫిన్ ఎలా ఉందని ఆమె ఎవరినీ అడిగేది కాదు. ప్లేట్లు తీసేటప్పుడు మిగిలింది చూసేది. ఒకరోజు షిఫ్టు దిగి వచ్చిన సంపత్ ప్లేటులో పూరీ మిగిలింది.

"ఏం సంపత్, పూరి ఇడ్సిపెట్టినవ్. ఇంట్ల పంచాయితా?"

"లేదక్కా, పన్ను నొస్తున్నది."

"పన్ను నొస్తే నోరు పడిపోయిందా? చెప్పొద్దా? ఆగు, ఉప్మా తెస్త."

తరువాత ఆ మడిగెల వరుసనంతా పట్నం నుంచి వచ్చిన ఒక క్యాటరింగ్ కంపెనీ లీజుకు తీసుకుంది. రంగులేసి, అద్దాలు పెట్టి, ఫుడ్ ప్లాజా అని బోర్డు తగిలించింది. పాతవాళ్లను వెళ్లగొట్టకుండా ఎవరి కౌంటరు వాళ్లకే ఇచ్చింది. మేనేజరుగా రవికాంత్ అనే అబ్బాయి వచ్చాడు. నా ఈడువాడే, మర్యాదస్తుడు. బిల్లు కొట్టేటప్పుడు ప్రతి ఒక్కరినీ ఫోన్ నంబరు అడిగేవాడు. అందరూ చెప్పేవారు. నంబరు చెబితే ఏమవుతుందని ఎవరనుకుంటారు?

భూగర్భ గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. నిప్పు రవ్వ భయానికి అగ్గిపెట్టె, బీడీ కూడా గేటు దగ్గరే తీసేసుకుంటారు. అందుకే మా దగ్గర చాలామంది డ్యూటీకి ఫోనే తేరు. అది ఇంట్లో భార్య దగ్గర ఉంటుంది. ఈ సంగతి ఖనిలో పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. పట్నంలో ఆ సర్వే తయారు చేసినవాళ్లకు తెలియదు.

ఒక పగటి పూట అందరి ఫోన్లకూ లింకు వచ్చింది. మొదటి షిఫ్టువాళ్లు అప్పుడు భూమి కింద ఉన్నారు. రాత్రి షిఫ్టువాళ్లు ఇళ్లలో నిద్రపోతున్నారు. లింకులో కౌంటర్ల పేర్లు, ఒక్కో పేరు కింద మార్కులేయడానికి ఐదు చుక్కలు, ఆ కింద మీ మాట రాయండి అని ఒక గడి. సాయంత్రానికి లింకు మూసుకుపోయింది.

వారం తరువాత రవికాంత్ లస్మవ్వను పిలిచి కూర్చోబెట్టాడు. మేమూ వెనకే నిలబడ్డాం.

"అమ్మా, అన్నిటికంటే తక్కువ మీకే వచ్చింది. తక్కువ వచ్చిన కౌంటరు తీసేయమని పైనుంచి చెప్పారు."

"నాకా?" అంది లస్మవ్వ. "ఏమని రాసిన్రు, సదువు."

అతను ఒక్కొక్కటే చదివాడు. ఉప్పు ఎక్కువ. నూనె ఎక్కువ. బీపీ ఉన్నవాళ్లకు పెట్టొద్దు. చివరికి ఒకటి చదువుతూ తనే ఆగిపోయాడు. "రోజు ఇక్కడనే తిని ఇంటికొచ్చి ఆకలి లేదంటడు."

నా పక్కనున్న ఎల్లన్న తల దించుకున్నాడు. ఎల్లన్నది మా క్వార్టర్ల వరుసే, గనిలో బొగ్గు తవ్వే కోల్ కట్టర్. "తమ్మీ," అన్నాడు మెల్లగా, "గది మా ఇంటి మాట లెక్కనే ఉన్నది."

ఇద్దరం వాళ్లింటికి పోయాం. సంతోషి వదిన బట్టలు ఆరేస్తోంది.

"ఏమే, లస్మక్క మీద ఫోన్ల నువ్వేనా రాసింది?"

"నేనే. అయితే ఏంది? పొద్దున లేచి వండి పెడితే ముట్టకపోతివి. నీ లస్మక్క కాడనే వండుకొమ్మను."

"ఆమె మడిగె పోయిందే."

వదిన చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. "మడిగె పోతదని ఎవడు చెప్పిండు? సుక్క ఒత్తుమంటే ఒత్తిన. వరుసల అందరం ఒత్తినం, నవ్వుకుంట. పక్కింటి రమ అయితే మొగన్ని తిట్టలేక లస్మవ్వను తిట్టింది."

మరునాడు ఆ ఆడవాళ్లంతా రవికాంత్ దగ్గరికి వచ్చారు. మళ్లీ లింకు పంపు, ఐదు చుక్కలూ పెడతామన్నారు. అతను వాళ్ల ముందే పట్నానికి ఫోన్ చేశాడు. ఒకసారి ముగిసిన సర్వే మళ్లీ తెరవరట. కౌంటరు అప్పటికే నూడుల్స్‌వాళ్లకు రాసిచ్చేశారట. పుస్తకాలు చదివి న్యాయం గురించి నాలుగు మాటలు పోగేసుకున్నాను. ఆ రోజు ఒక్కటీ పనికిరాలేదు.

లస్మవ్వ ఎవరినీ బతిమాలలేదు. మూకుడు బోర్లించి బూడిదతో తోమింది. సామాను ఆటోలోకి ఎక్కించడానికి సంతోషి వదిన కూడా వచ్చింది కానీ ఆమె కళ్లలోకి చూడలేకపోయింది.

ఇప్పుడు ఆ గేటు ముందు నేను ఆగను. నూడుల్స్ కౌంటరు ఆరు నెలలు నడిచి మూతబడింది. షిఫ్టు వదిలాక అందరూ ఫోన్ కోసం, అన్నం కోసం తిన్నగా ఇళ్లకే పోతున్నారు. పొద్దుటి పూట ఒకరి మీద ఒకరు విసురుకునే ఆ మాటలు ఎక్కడా వినబడవు.

మొన్న ఎండాకాలం శ్రీరాంపూర్ పోయాను. లస్మవ్వ అక్కడ చెల్లెలి దగ్గర ఉంటోంది. పెండ్లిళ్లకు వంటకు పోతోంది. ఉడకబెట్టిన శనగల గుడాలు పెట్టి, తింటున్నంతసేపూ ఖనిలో ఒక్కొక్కరి గురించీ అడిగింది. సంతోషి వదిన ఇప్పటికీ బాధపడుతోందని చెప్పాను. ఆమె నవ్వింది.

"ఫికర్ జెయ్యొద్దని చెప్పు ఆ పిల్లకు. మా ఆయన గూడ గనిల జేసేటప్పుడు, నాకన్న ముందు గేటు కాడున్న ముసల్దాని పూరీలు మెక్కి ఇంటికొచ్చి, నేను పెట్టిన అన్నం ముట్టకనే చెయ్యి కడుక్కునేటోడు. అప్పుడు నా చేతికి ఫోనిచ్చి ఉంటే, ఆ పూరీల ముసల్దానికి నేను గూడ ఒక్కటే సుక్క ఒత్తుదును బిడ్డా."