సారు కోసిన పైపు

మా సారు పోయారన్న వార్త శుక్రవారం ఉదయం తెలిసింది. ధర్మవరం నుంచి సారు భార్యే ఫోను చేశారు. ఆవిడను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. "సారు పోయినారమ్మా. నిద్రలోనే," అన్నారు. మళ్ళీ ఆవిడే, "ఆదివారం నీతో పెనుకొండకు రావాలని చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకోనుండారు," అన్నారు. అప్పుడు నేను హిందూపురంలో మా షెడ్డు ముందు ఉన్నాను. ఎదురుగా మా పాత తవ్వకం మిషను ఉంది. దాన్ని మార్చి ఏది కొనాలో ఆదివారం పెనుకొండలో పాత బండ్ల యార్డు చూసి, సారుతో కలిసి తేల్చుకోవలసి ఉంది.

సారు పాలిటెక్నిక్‌లో మాకు వ్యవసాయ యంత్రాల పాఠం చెప్పారు. నేనూ మా తమ్ముడూ కలిసి నడుపుతున్నది చిన్న వ్యాపారం. చేలల్లో నీటికుంటలు తవ్వుతాం, గట్లు వేస్తాం, పట్టుపురుగుల షెడ్లకూ పశువుల కొట్టాలకూ పునాదులు తీస్తాం. కొలతలు నావి, మిషను నడిపేది తమ్ముడు. ఇలాంటి వ్యాపారానికి ఒక్క మిషనే ఆధారం. అది పనికి తగ్గట్టు లేకపోతే, దానికి తగిన పని వెతుక్కుంటూ మనుషులే మారిపోతారని సారు అనేవారు. మొదట విన్నప్పుడు అది యంత్రాల గురించి చెప్పిన మాట అనుకున్నాను.

ఈ పని తెలియని పాఠకుల కోసం ఒక్క వివరం చెప్పాలి. మా వైపు తవ్వకానికి ఎక్కువగా రెండు రకాల మిషన్లు వాడతారు. చక్రాల బండికి ముందు మట్టి ఎత్తే తొట్టె, వెనుక తవ్వే చెయ్యి ఉంటాయి. అది తనంతట తానే ఊరి నుంచి ఊరికి పోతుంది. చైన్ బండి ఇనుప పట్టాల మీద నడుస్తుంది. లోతుగా, వేగంగా తవ్వుతుంది. కానీ చక్రాల బండి కంటే వెడల్పు, పైగా దాన్ని ఊరిదాకా ట్రైలరు మీద మోసుకురావాలి. తారురోడ్డు దాటించాలంటే పట్టాల కింద పాత టైర్లు పరుచుకుంటూ పోవాలి.

వ్యాపారం మొదలుపెట్టేటప్పుడు నేను చైన్ బండి వైపే మొగ్గాను. ఏది ఎంత మట్టి తీస్తుందో, ఎంత డీజిలు తాగుతుందో లెక్క కట్టి ధర్మవరం తీసుకువెళ్ళాను. సారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముఖం దగ్గర పెట్టుకుని, చివరిదాకా చదివారు.

"లెక్క బాగుండాదమ్మా. యాడా తప్పు లేదు. ఈ బండి చేన్లోకి ఎట్ల పోతాది?"

"ట్రైలరు మీద సార్."

"ట్రైలరు ఊరిదాకా. ఊర్నుంచి చేనికి?"

సారు కాగితం మడిచి నా చేతికిచ్చారు. "మీకు పని చెప్పినోళ్ళలో అందరికంటే చిన్న చేను ఎవురిది? ముందు ఆ దోవ చూద్దాం. షోరూం యాటికీ పారిపోదు."

ఆ చేను రొద్దం దగ్గర ఒక అవ్వది. వానొస్తే నీళ్ళు నిలబెట్టుకోవడానికి ఆమెకొక కుంట కావాలి. మేము వెళ్ళేసరికి సారు అక్కడే ఉన్నారు, చేతిలో పొడుగాటి పీవీసీ పైపుతో. దాన్ని చైన్ బండి వెడల్పుకు సరిగ్గా కోసుకొచ్చారు. ఎవరి కంటికీ తగలకుండా రెండు కొనలకూ పట్టు పేలికలు కట్టారు. వాళ్ళ వీధిలో మగ్గాల దగ్గర మిగిలే ఎర్రంచు ముక్కలవి. "ఆ కొన నువ్వు పట్టుకో. ఇదే బండి అనుకో," అన్నారు. పైపును అడ్డంగా పట్టుకుని, పక్కపక్కనే దోవ వెంట నడవడం మొదలుపెట్టాం.

చెనిక్కాయ చేలల్లో పనిచేస్తున్న ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు. ఒకామె నోరు ఊరుకోలేదు. "ఏం సారూ, పల్లకీ మోస్తాండారు సరే, దేవుడేడీ?"

"దేవుడింకా షోరూంలోనే ఉండాడమ్మా. ఏ దేవుడో తేల్చల్యా," అన్నారు సారు, పైపు దించకుండా.

దోవకు రెండు వైపులా పక్క రైతు రాతిబండలు నిలువుగా పాతుకున్నాడు. మలుపు దగ్గర సారు నన్ను ఆపారు. లోపలివైపు మనిషి నిలబడాలి, బయటివైపు మనిషి నడవాలి. చైన్ బండి తిరిగేదీ అలాగే, ఒక పట్టా ఆగితే రెండోది నడుస్తుంది. నేను నిలబడ్డాను. "ఆగు, నేను తిరుగుతాండా," అంటూ సారు నెమ్మదిగా చుట్టూ వచ్చారు. పైపు కొన టక్కుమని బండకు తగిలింది. ఆయన ఇంకోసారి ప్రయత్నించారు. మళ్ళీ తగిలింది.

"ఆ బండ పీకించుకోవచ్చు గదా అవ్వా?" అన్నాడు మా తమ్ముడు.

"పీకితే ఆయప్ప నాతో మాట్లాడడు నాయనా. మాట్లాడకపోతే పాయ, నేను ఊరికి పోతే నా మేకల్ని చూసేదెవురు?"

సారు నా వైపు చూసి నవ్వారు. మేము చక్రాల బండి కొన్నాం. అవ్వ కుంట తవ్వాం. ఆ తరువాత అలాంటి దోవల్లోనే మా పని పెరిగింది.

బండి ఎవరిదైనా, పాతదాన్ని చూడటానికి పోతే సారు మనిషిని పలకరించకముందే ఇంజను మూత మీద చేతి వెనుకవైపు ఆనించి చూసేవారు. పాత బండి అమ్మేవాళ్ళు కొందరు మనం వచ్చేలోపు ఇంజను నడిపి వేడెక్కిస్తారు. చల్లగా ఉన్నప్పుడు అది ఎంత మొండికేస్తుందో అప్పుడు తెలియదు. పెనుకొండలో ఒక యార్డు ఆయన ఇది చూసి, "ఏం సారూ, పెండ్లిచూపుల్లో పిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంటాండారే," అన్నాడు. "జరమేమన్నా ఉండాదేమో అని చూస్తాండా అప్పా. ఉండాది. తగ్గినాంక వస్తాం," అన్నారు సారు. తొట్టెను పైకెత్తించి, ఇంజను ఆపించి, అందరినీ టీకి తీసుకువెళ్ళారు. తిరిగి వచ్చేసరికి ఇంజను చల్లారింది. తొట్టె కొంచెం కిందికి జారి ఉంది. లోపల నూనె నిలవడం లేదని అర్థం. సారు ఆ మాట పైకి అనలేదు. తొట్టె కిందికి ఒకసారి వంగి చూసి, "టీ బాగుండాదప్పా," అని చెప్పి బయలుదేరారు. యార్డు ఆయన బస్సుదాకా వచ్చి సాగనంపాడు.

చేను దాటి రోడ్డెక్కే ముందు సారు చెప్పులు విడిచి, రెండింటినీ ఒకదానికొకటి కొట్టి మట్టి దులిపేవారు. ఎందుకని అడిగితే, "వాళ్ళ మట్టి వాళ్ళకే ఉండనీమ్మా," అనేవారు. ఇప్పుడు చేను గట్టున చెప్పులు విడిచినప్పుడల్లా పక్కన ఇంకో జత చప్పుడు వినిపించదేమని చెవి వెతుకుతుంది.

మొన్నటి ప్రశ్న మొదటిదానికంటే కష్టమైనది. పాత బండి అలిసిపోయింది. తమ్ముడు ఈసారి చైన్ బండే కావాలన్నాడు. హిందూపురం చుట్టూ లేఔట్ల పని ఉంది. ఒకే తావున నిలిచి పని చేసుకోవచ్చు. "దినామూ ఊరూరూ తిరిగి నా నడుము పోతాండాది అక్కా," అన్నాడు. అది అబద్ధం కాదు. రాత్రి వాడు గోడ పట్టుకుని కూర్చోవడం నేను చూస్తూనే ఉన్నాను. కానీ చైన్ బండి వస్తే రొద్దం అవ్వలాంటివాళ్ళ దోవలన్నీ మాకు మూసుకుపోతాయి. మేము వదిలేస్తే ఆ మూల చేలకు వేరే ఎవరూ రారు. వాడి నడుమూ ఆ చేలూ రెండూ నావే. ఏది ఎలా తూచాలో తెలియక సారుకు ఫోను చేశాను. ఆయన అంతా విన్నారు. "ఆదివారం పెనుకొండకు పోదాం. తమ్ముణ్ణి కూడా పిల్చుకోని రా. నడుము వాడిది. మాట కూడా వాడే చెప్పాల," అన్నారు. మా మధ్య చివరి మాట అదే.

కర్మలు అయిన తరువాత నేనూ తమ్ముడూ ధర్మవరం వెళ్ళాం. అమ్మ మమ్మల్ని పెరట్లోకి పిలిచారు. గోడకు ఒక కొత్త పైపు ఆనించి ఉంది. కోసిన అంచు ఇంకా తెల్లగా, గరుగ్గా ఉంది. కొనలకు కొత్త పట్టు పేలికలు. "గురువారం కోసినారు. ఈ పేలికలు నాతోనే కట్టించుకున్నారు. చైన్ బండి కొలతంట. నీ తమ్ముడు అడిగినదాన్ని దోవలో పెట్టి చూడకుండా కాదనకూడదు అన్నారు," అని చెప్పారు అమ్మ. తమ్ముడు ఆ పైపును తడిమి చూసి, భుజానికెత్తుకున్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా రొద్దం పోయాం. అవ్వ కుంటలో ఒండ్రు చేరింది, ఈ ఏడు పూడిక తీయాలని ఆమె ముందే చెప్పి ఉంది. మమ్మల్ని చూడగానే, "సారు యాడమ్మా?" అంది. చెప్పాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. "మా చేను మట్టి ఎత్తుకపోనోడు," అంది.

నేను పైపు ఒక కొన ఎత్తాను. రెండో కొన నేల మీదే ఉంది. ఎవరినీ అడగలేకపోయాను. తమ్ముడు వచ్చి దాన్ని ఎత్తాడు. ఇద్దరం నడిచాం. ఈసారి ఎవరూ పల్లకీ అనలేదు. మలుపు దగ్గర నాకు తెలియకుండానే ఆగి, "తిరగండి సార్," అన్నాను. తమ్ముడు నా వైపు చూశాడు. సారు తిరిగినంత నెమ్మదిగా తిరిగాడు. కొన బండకు తగిలింది. వెనక్కి వచ్చి మళ్ళీ తిరిగాడు. మళ్ళీ తగిలింది. పేలిక బండ గరుకుకు పట్టుకుంటే వేలితో జాగ్రత్తగా విడిపించాడు.

"చక్రాల బండే చూద్దాం అక్కా," అన్నాడు చివరకు. "సీటు మాత్రం మంచిది ఉండాల. ఆ పెనుకొండాయప్పకు నేనే చెప్తా."

పైపు తీసుకుని వెనక్కి బయలుదేరబోతే అవ్వ ఆపింది. "అది ఈడే పెట్టి పోండి నాయనా. మేకలు చేన్లోకి దూరకుండా అడ్డం పెట్టుకుంటా." తమ్ముడు దాన్ని మలుపులోని రెండు బండలకూ ఆనించి దోవకు అడ్డంగా నిలిపాడు. గట్టున చెప్పులు దులుపుకుని రోడ్డెక్కాం. వెనక్కి తిరిగి చూస్తే పైపు కనబడలేదు. దాని కొనలకు కట్టిన ఎర్రటి పట్టు ముక్కలు మాత్రం, దోవకు అటొకటి ఇటొకటి, గాలికి ఆడుతున్నాయి.