మధ్యకు విరగని రివాల్వరు

మ్యూజియంలో పాత ఆయుధాలు తుడిచి, నూనె రాసి, ఏది ఏ కాలపుదో చీటీ కట్టడంలోనే ఆయన ముప్పై ఏళ్లు అరిగిపోయాడు. గోళ్లలో ఎర్రపొడి ఎంత కడిగినా పోదు కాబట్టి ఊరందరికీ తుప్పు మామయ్య.

అలాంటివాడి మేనల్లుడి మీద హత్యకేసు పడింది. చెల్లెలి ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున తాతల నాటి రివాల్వరు దొరికింది. పోలీసులకు అది చాలు.

"అన్నయ్యా, నీకొచ్చిన విద్య ఇదొక్కటే. దాంతోనే వాణ్ణి బయటికి తీసుకురా" అని చెల్లెలు చేతులు పట్టుకుని ఏడ్చింది.

వకీలు ఇచ్చిన కాగితాల్లో సాక్షి మాట చదివి మామయ్య ఉలిక్కిపడ్డాడు. హంతకుడు రివాల్వరును గొట్టం కిందికి వంగేలా కీలు దగ్గర మధ్యకు విరిచి తెరిచాడట, ఖాళీ తూటాలన్నీ ఒక్కసారే కింద రాలాయట. చెల్లెలి ఇంట్లోది చచ్చినా విరగదు! దాని చట్రం ఒకే ముక్క. పక్కనున్న రేకు తలుపు తెరిచి, గొట్టం కింది కడ్డీతో ఒక్కో తూటానీ బయటికి నెట్టాలి.

పరుగున స్టేషన్‌కు వెళ్లాడు. "మేనమామవి కదా, ఇంకేం చెప్తావులే" అని ఎస్సై ఫైలు మూసేశాడు. పదకొండు సార్లు తిరిగాడు. బల్ల ముందు నిలబడి, చేతులతో గాల్లో రివాల్వరు గీసి చూపించాడు. కానిస్టేబుళ్లు నవ్వుకున్నారు. మేనల్లుడు మాత్రం జైల్లో నానాటికీ చిక్కిపోతున్నాడు.

వాడు జైలుకెళ్లిన తొమ్మిదో నెలలో, కోర్టు విచారణలో, జడ్జిగారు ఆ రివాల్వరును మామయ్య చేతికి ఇప్పించారు. తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఎంత లాగినా కదల్లేదు.

"అది తలుపో అతుకో ఆయనకే తెలిసినట్టు లేదండీ" అన్నాడు ప్రభుత్వ వకీలు. కోర్టంతా గొల్లున నవ్వింది.

మామయ్య పళ్లు బిగించి అంచులో గోరు దూర్చాడు. గోరు లేచిపోయి రక్తం కారింది. తలుపు కిర్రుమని తెరుచుకుంది.

సాక్షిని పిలిచి చూపించారు. ఆమె చాలాసేపు చూసింది. "ఇది కాదండీ. అది మధ్యకు విరిగింది. దీన్ని నాకెవరూ చూపించలేదే!"

తర్వాత కోర్టు తెప్పించిన ఆయుధాల నిపుణుడి నివేదిక కూడా అదే చెప్పింది. కేసు కొట్టేశారు.

జైలు గేటు దాటి మేనల్లుడు వచ్చాడు. చొక్కా వంకెకు తగిలించినట్టు వేలాడుతోంది. తల్లి వాటేసుకున్నా చేతులెత్తలేదు.

"మళ్లీ తీసుకెళ్లరు కదా, మామయ్యా?"

మామయ్య వాడి చేతిలోని సంచి అందుకుని బస్సు కోసం చూశాడు.