విరాళం ఫోనులో నాయన గొంతు

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. నన్ను పీడించిన దయ్యాలన్నీ ఫోన్లోనే ఉండేవి. అనాథాశ్రమమనీ, అన్నదానమనీ, పసిబిడ్డ గుండె ఆపరేషన్ అనీ, తిరువళ్ళూరులో రైలెక్కి ఆఫీసు చేరేలోపే విరాళాలడిగి ప్రాణం తోడేస్తారు. 'వేండాం', వద్దు అని కట్ చేసేస్తాను.

మా అమ్మకు అది చేతకాదు. ఎవరు ఏడ్చినా కరిగిపోతుంది. బ్యాంకులో ఆమెకున్నదల్లా నాయన చనిపోయాక వచ్చిన డబ్బే. కంటి ఆపరేషన్ కోసం అట్టిపెట్టింది. "మొగం తెలీనోళ్ళకి నంబర్లేమీ చెప్పొద్దుమా" అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ స్పీకర్ పెట్టుకుని ఎవరో అమ్మాయితో తమిళంలో మాట్లాడుతోంది. చూపులేని పిల్లల హాస్టలట. మెసేజ్‌లో వచ్చిన నంబరు చదివితే చాలట. అమ్మ అద్దాలు సర్దుకుని మొదటి అంకె చదివేసింది. నేను పరుగెత్తాను.

నేను చేరేలోపే ఫోన్లోంచి ఒక మగ గొంతు వచ్చింది. ముందు చిన్న దగ్గు, తర్వాత మాట.

"ఏమే, పెట్టెయ్ ఫోను. పనీపాటా లేదా నీకు?"

తిరుత్తణిలో ఉన్న తన చెల్లెలితో అమ్మ గంటలకొద్దీ మాట్లాడుతుంటే నాయన మంచం మీంచి కసురుకునేది సరిగ్గా ఇలాగే.

అవతలి అమ్మాయి మమ్మల్ని కాదు, తన పక్కకు తిరిగి అడిగినట్టు "యారు అదు?" అంది, ఎవరది అని. తర్వాత భయపడిన గొంతుతో "ఇంగ యారుమే ఇల్లయే" అంది, ఇక్కడ ఎవరూ లేరే అని. వెంటనే ఫోన్ పెట్టేసింది.

లైన్లు కలిసిపోయి ఉంటాయనుకున్నాను. కలిస్తే మా ఇంటి తెలుగే, ఆ కసురే వచ్చి కలవాలా? అడుగుదామని వారం రోజులు ఆ నంబరుకు చేశాను. వద్దు మొర్రో అంటే రోజూ చేసేవాళ్ళు, నేను చేస్తే ఎత్తరు. ఒళ్ళు మండిపోయింది. అదేమిటో నాకు ఈరోజుకీ తెలియదు.

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది. అలాంటి నంబర్లు అమ్మ ఫోన్లో బ్లాక్ చేస్తే అలిగి అన్నం మానేసింది. మళ్ళీ తెరవక తప్పలేదు. ఇప్పుడు ఏ విరాళం కాల్ వచ్చినా ఆమే ఎత్తుతుంది. డబ్బు మాట వినిపించుకోదు. అవతలివాళ్ళు తమిళంలో ఎంత చెప్పినా తెలుగులోనే ఒకటి అడుగుతుంది.

"నీ పక్కన మా ఇంటాయన ఉండాడా పాపా? ఒకతూరి ఇయ్యి ఫోను."