నాలుగో నంబరు బ్యాటరీ

తొంభైల్లో, డిప్లొమా పూర్తయిన కొత్తలో నోయిడాలో ఒక చిన్న షెడ్డులో పనిచేసేదాన్ని. యజమాని అప్పారావుగారిది విజయనగరం, సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యారు. ఉన్నదంతా పోసి బ్యాటరీతో నడిచే ఆటో తయారుచేశారు. వరుసగా కలిపిన ఆరు బ్యాటరీలకూ రోజూ పొద్దున్నే రోల్‌కాల్ తీసేవారు. ఆయన నంబరు పిలిస్తే నేను ఆ బ్యాటరీకి మీటరు పెట్టి వోల్టేజీ చెప్పాలి.

ఆటోలు అద్దెకు తిప్పే లాలాజీ బండి చూడటానికి వచ్చాడు. ఆయన కొంటేనే మా షెడ్డు నిలుస్తుంది. ఆ పొద్దున ఆరూ పన్నెండు వోల్టుల పైనే పలికాయి.

"బండి నడుస్తున్నప్పుడు కూడా ఒకసారి చూద్దాం సార్, బరువు పడితేనే బలహీనమైనది బయటపడుతుంది" అన్నాను.

"అన్నీ హాజరే కదమ్మా, ఇంకేటి చూస్తావు?" అని నవ్వేశారు.

ముగ్గురం యమున వంతెన ఎక్కుతుండగా ఆటో మూలిగి ఆగిపోయింది. "రహనే దీజియే, సుబేదార్ సాబ్", ఇక వదిలేయండి అంటూ లాలాజీ దిగి, వెనకాల వస్తున్న పెట్రోలు ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

అప్పారావుగారు ఎండలో యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుని మళ్లీ రోల్‌కాల్ మొదలుపెట్టారు. నాలుగో నంబరు దగ్గర మీటరు ముల్లు సున్నా దాటి వెనక్కి కొట్టింది.

"ఇది ఉల్టా చూపిస్తోంది సార్."

"మిగతావో?"

"అన్నీ బాగానే ఉన్నాయి సార్."

ఇద్దరం బండిని షెడ్డు దాకా తోసుకొచ్చాం.

షెడ్డు ఖాళీ చేసిన రోజు, "ఎలా ఉన్నారు సార్?" అని అడిగాను.

"బాగానే ఉన్నానమ్మా" అన్నారు.

లాలాజీ వచ్చిన పొద్దున నాలుగో నంబరు కూడా అలాగే పలికింది.