ఒంటి చెయ్యి అంగి

లక్సెట్టిపేటలో బట్టలు కుట్టి బతికిన రాజేశ్వరి, మనందరి రాజక్క, మొన్న మంగళవారం పొద్దున కన్నుమూసిందన్న వార్త విని నిశ్చేష్టుడనయ్యాను. నలభై నిండని ఆ సాధ్వికి అరవై దాటిన నేను అశ్రుతర్పణం చేయవలసి రావడం విధి వైపరీత్యం. ఆమె మనోవేదనకు చికిత్స ఇప్పించాలని స్వయంగా వెంటబెట్టుకొని గోదావరి దాటినవాణ్ణి నేనే. అక్కడి పెద్దాసుపత్రి గుమ్మంలో నేను గర్జిస్తే మనోవ్యాధుల డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఈ సంగతి తెలిసినవారు ఈ ప్రాంతంలో బహు కొద్దిమంది.

నేను కంపౌండరుగా పనిచేసిన ఆసుపత్రికి ఆమె మొదట దగ్గుతో వచ్చింది. దుబాయిలో తాపీపని చేసి వచ్చిన భర్త అప్పటికే గతించాడు. రక్తపరీక్షలో ఆమెకూ హెచ్ఐవి ఉన్నదని తేలింది. ఆ రోజుల్లో దానికి మందు లేదు, పేరు పలికే ధైర్యమూ ఎవరికీ లేదు. ‘గా రోగం’ అనేవారు. ఆమెకు రవికె గుడ్డలు ఇచ్చేవారు ఇవ్వడం మానేశారు. అత్త పోచవ్వ ఒక్కతే ఆమె పళ్లెంలో తిన్నది.

మా ఆసుపత్రిలో ఆ రోగుల కోసం మూలన ఒక గది ఉండేది. దగ్గుకూ జ్వరానికీ ఇచ్చే మందుబిళ్లలు గడప మీద పెట్టి వచ్చేవాళ్లం. ‘వాళ్లను వాత్సల్యంతో సేవించాము’ అని రాయబోయాను గానీ, చేయి రాలేదు. గడప మీదే పెట్టి వచ్చేవాళ్లం.

ఆ గదిలోకి ప్రతి మంగళవారం రాజక్క మెడలో కొలతల టేపు వేసుకొని వెళ్లేది. మంచిర్యాల నుంచి వచ్చిన లారీ డ్రైవరు ఒకడు మూడు రోజులుగా తిండి మాని గోడవైపు తిరిగి పడుకున్నాడు. రాజక్క అతణ్ణి లేపి కూర్చోబెట్టి, భుజాల మీద టేపు పరిచింది.

“సచ్చెటోనికి అంగెందుకక్కా?”

“సచ్చెటోళ్లకు నేను కుట్ట. వచ్చే మంగళారం తొడిగి చూస్త. అప్పటిదాక ఉండాలె మరి.”

ఇంట్లోవాళ్లు వేలు తాకించని మనిషిని ఆమె మెడ, భుజం, ఛాతీ, మణికట్టు, తీరిగ్గా ముట్టి కొలిచింది. మరుసటి మంగళవారం అంగి వచ్చింది, ఒక చెయ్యి లేకుండా.

“రెండో చెయ్యేదక్కా?”

“బట్ట తక్కువైంది. వచ్చే మంగళారం.”

అట్లా వారాలు గడిచాయి. అతడు తినసాగాడు, వేళాకోళమూ నేర్చాడు. “ఒక్క చేతికి ఇన్ని వారాలా? దర్జీవా, తాపీమేస్త్రివా అక్కా?” చివరకు రోగం అతణ్ణి తీసుకుపోయింది, కానీ గోడవైపు తిరిగి పోలేదు. “మందు మీరియ్యున్రి, మాట నేనిస్త” అనేది రాజక్క. మనోవ్యాధుల వైద్యుడు తొంగిచూడని ఆ గదికి ఆమే వైద్యురాలు.

నిరుడు ఆ వైద్యురాలికే చీకటి కమ్మింది.

“కంపౌండర్ సాబ్, మిషన్ మీద కూసుంటె కాలు ఆడుతలేదు. నిద్ర లేదు. అందరికి నేను చెప్పిన, నాకు చెప్పెటోళ్లు లేరు. మనసు డాక్టర్‌కు జర చిట్టీ రాసియ్యి.”

ఆ డాక్టరు అవతలి ఒడ్డున పెద్దాసుపత్రికి గురువారాలు వచ్చేవాడు. మా చీటీ లేనిదే చూడడు. మా దగ్గర ఒక ఆచారం ఉండేది. ఆ రోగం ఉన్నవారి చీటీ మూలన ఎర్ర పెన్సిలు గీత. సూదుల విషయంలో జాగ్రత్త కోసమని మొదలైన గీత అది. అక్కడ ఆ గీత చూసి, “ముందు ఆ రోగం చూసే డాక్టరు దగ్గరికి పో” అన్నారు. ఆ డాక్టరేమో “ఇది మనసుది, నాది కాదు” అన్నాడు. మూడు గురువారాలు వెళ్లింది, మూడు గురువారాలూ గుమ్మం నుంచే తిరిగి వచ్చింది.

పైన రాసిన గర్జన సంగతి ఇక దాచలేను. నేను గోదావరి దాటలేదు. బస్టాండు దాకా వెళ్లి చేయి ఊపాను. ఆ డాక్టరు ముఖం కూడా ఎరుగను. ఎర్రగీత గీసింది నా చెయ్యే.

“గీత లేని చిట్టీ ఒక్కటియ్యి సాబ్. సూదేస్తమంటె నేనే చెప్త నాకు గా రోగమున్నదని. మాట్లాడుతందుకు సూదెందుకు?”

“రూలు బిడ్డా. నాకు సర్వీసు ఇంక ఆర్నెల్లే ఉన్నది.”

ఆమె నవ్వింది. “నీ ఆర్నెల్లన్న గట్టిగున్నయి. నాయి ఎన్నున్నయో నాకెర్కలే.”

నేను రిటైరయిన కొన్నాళ్లకు ఇంటికి వచ్చి నా కొలతలు తీసుకుంది. పోయిన నెలలో తెల్ల అంగి తెచ్చింది, ఒంటి చేతిది. “రెండో చెయ్యి మంగళారం ఇస్త, ఇంటికి రా” అన్నది. పరిహాసమనుకొని నవ్వి, పెట్టెలో పెట్టాను.

నిన్న పోచవ్వ ఎదుట కూర్చొని ఈ వ్యాసానికి రాసుకున్న ముగింపు చదివి వినిపించాను. “నా సేవకు కృతజ్ఞతగా కుట్టనారంభించిన అంగిని పూర్తిచేయకముందే ఆమెను దారుణ జ్వరం కబళించింది. రాజక్కా, నీ లోటు తీర్చేవారు ఈ గడ్డ మీద లేరు, నీకిదే నా సాష్టాంగ ప్రణామం” అన్నంత దాకా వచ్చాను. పోచవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఏం జ్వరం? బువ్వ మానేసి పోయింది నా కోడలు. కృతజ్ఞత లేదు, గిన లేదు. గా చెయ్యి ఎన్నడో కుట్టి, ఇస్త్రీ చేసి, మిషన్ మీద పెట్టింది. ‘కంపౌండర్ సాబ్ వస్తడత్తా, ఒక్కపూట నాతోని మాట్లాడుతడు’ అని నాలుగు మంగళారాలు గడపల కూసున్నది. నువ్వు రాలే. గా ముచ్చట రాయి.”