మళ్ళీచెప్పు జడ్జిగారు

ఆయనకు ఏదీ ఒక్కసారి చెబితే అర్థం కాదు. వకీలుగా ఇరవై ఏళ్ళు, మంత్రిగా అయిదేళ్ళు, పెద్ద కోర్టులో జడ్జిగా పదేళ్ళు, ఎప్పుడు చూసినా ఒకటే మాట: "మళ్ళీ చెప్పండి." చాటున అందరూ ఆయన్ని మళ్ళీచెప్పు గారనేవాళ్ళు. మొదటినుంచీ వెంట ఉన్న స్టెనోకి అది వినీ వినీ తల బొప్పి కట్టింది.

"నీకేం తెలుసు బాబూ," అనేది ఆయన భార్య, "పెళ్ళికి ఒప్పుకున్నానని నాచేత మూడుసార్లు చెప్పించుకున్నారు!"

వకీలుగా ఉండగా ఓ డాక్టరుగారిచేత బోనులో నాలుగుసార్లు "ఛేదిత గాయం" అనిపించారు. అయిదోసారికి డాక్టరు విసిగిపోయి, "వాడు గడ్డం గీసుకుంటుంటే తెగిందండీ!" అని కక్కేశాడు. హత్యాయత్నం కేసు కాస్తా ఎగిరిపోయింది.

మంత్రి అయ్యాక అధికారులు ఆయన గదిలోకి వెళ్ళాలంటే హడలిపోయేవారు.

"పరిపాలనాపరమైన సర్దుబాటు సార్."

"మళ్ళీ చెప్పండి."

"అంతర్గత పునర్వ్యవస్థీకరణ సార్."

"మళ్ళీ."

"మా బావమరిదికి ఉద్యోగం సార్!"

ఇక జడ్జిగా ఆయన దగ్గరికి ఓ ఇల్లు ఖాళీ చేయించే కేసు వచ్చింది. అద్దెకున్నావిడ బట్టలు కుట్టుకు బతుకుతోంది. ఓడిపోతే కుట్టుమిషనుతో సహా వీధిన పడాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేక, వెనక బెంచీ చివర బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఇంటి యజమాని వకీలు మాత్రం ఊదరగొట్టేస్తున్నాడు.

"తాఖీదు యథావిధిగా బట్వాడా అయినట్టు భావించదగును!"

"మళ్ళీ చెప్పండి."

"ప్రతివాది గైర్హాజరీలో ప్రత్యామ్నాయ బట్వాడా..."

"నా బుర్రకెక్కలేదు. మళ్ళీ."

స్టెనో వేళ్ళు నొప్పెట్టేశాయి. ఆరోసారికి వకీలు చెమట తుడుచుకుని అరిచాడు. "ఖాళీ చెయ్యమని కాయితం పంపామండీ! ఆవిడ లేకపోతే తలుపుకి అంటించి వచ్చామండీ!"

కుట్టుపనావిడ దిగ్గున లేచింది.

"ఏ తలుపుకయ్యా? నేను పారిపోవాలని ఆ పెద్దమనిషే తలుపు ఊడబీక్కుపోయి ఆర్నెల్లయింది! దుప్పటి అడ్డం కట్టుకుని ఉంటున్నా!"

కోర్టంతా గొల్లుమంది. యజమాని తల దించుకున్నాడు. జడ్జిగారు కేసు కొట్టేసి, వారంలోగా తలుపు బిగించి రమ్మని యజమానికి ఉత్తర్వు వేశారు.

జడ్జిగారి గదిలోకి వచ్చాక స్టెనో ఉండబట్టలేక అడిగేశాడు.

"వకీలు వల్లించిన ఆ సెక్షను మీకు నిజంగానే అర్థం కాలేదా సార్?"

"మంత్రిగా నేను రాయించిందే కదయ్యా అది! నాకు అర్థం కాకపోవడమేమిటి? ఆవిడకి అర్థం కావద్దూ?"

ముప్పై అయిదేళ్ళు పక్కనే ఉండి ఇది కనిపెట్టలేకపోయినందుకు స్టెనోకి సిగ్గేసింది. అంతకు మించి సంతోషమేసింది.

"మరి అప్పుడే మామూలు మాటల్లో రాయించి ఉంటే పోయేది కదండీ?"

"మొదట అలాగే రాయించాను," అన్నారు జడ్జిగారు కోటు విప్పుతూ. "సభలో అందరికీ అర్థమైపోయింది. ఒక్కడూ ఓటెయ్యలేదు."