బిందెలు పట్టుకొని సూదికి

వీరలక్ష్మిని ఆ ఊళ్లో చాలాకాలం ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. భర్తకు పటాన్‌చెరు పక్క ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికితే గోదావరి జిల్లా నుంచి వచ్చి, ఇక్కడ నర్సుగా చేరింది. కర్దనూర్ దగ్గర బస్సు దిగి, ఐసు పెట్టె భుజాన వేసుకుని, వాగు దాటి నడిచేది. సూదులమ్మ వస్తోందంటే కొత్త కోడళ్లు జొన్నచేలలో దూరేవారు. ఆమె వేసే ధనుర్వాతం సూది పిల్లలు పుట్టకుండా చేస్తుందని పుకారు. అత్తల చేత తిట్లు తిని, గడప గడపకూ తిరిగి, ఆ భయం పోగొట్టేసరికి ఏళ్లు పట్టింది.

తొంభై ఒకటి ఎండాకాలంలో ఆమెకు ఎదురైంది మాత్రం భయం కాదు.

నర్సింహమ్మ గడప మీద అడ్డంగా కూర్చుంది. వెనక కోడలు దేవమ్మ, ఎనిమిదో నెల. ఆమె తొలిచూలు బిడ్డ పుట్టిన వారానికే దవడలు బిగుసుకుపోయి, పాలు తాగలేక చనిపోయాడు. ధనుర్వాతం. ఈసారి మొదటి సూది పడింది. రెండోది పడకపోతే ఈ బిడ్డకూ ఆ ముప్పు తప్పదు. నీళ్ల బాధ లేకున్నా సూది వేసే నర్సు లేని తల్లిగారింటికి కోడల్ని ఎల్లుండే పంపుతున్నారు.

"సూది లేదు, ఏం లేదు. తాగే నీళ్లు తెచ్చినంక రా."

"నీళ్లకూ సూదికీ ఏం సంబంధం పెద్దమ్మా?"

"మాకు లేదు, మీకున్నది. ఫ్యాక్టరీ నీళ్లు కలిసి బాయి ఎర్రగయిందని ఎన్ని అర్జీలు పెట్టినం? ఒక్కడన్న వచ్చిండా? సూదంటే జీపేసుకొని వస్తరు. మీకు మాతోని పని పడ్డది గిదొక్కటే. గందుకే ఆపినం. కడుపుతోని ఉన్నోళ్లందరు ఒక్క మాట మీదున్నరు."

వీరలక్ష్మి ఐసు పెట్టె మళ్లీ భుజానికెత్తుకుంది. తనే ఆ ఊళ్లో మంచినీళ్లు అడగడం ఎప్పుడో మానేసింది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మూఢనమ్మకంతో వద్దన్నారని రాసెయ్యండి."

"మూఢనమ్మకం కాదండి, తాగే నీళ్లు లేక. మీరు పైవాళ్లకు చెప్పి ఒక ట్యాంకరు తెప్పించండి. నేనలా రాయను."

"మెమో వస్తుంది."

"రానివ్వండి."

మర్నాడు పొద్దున్నే వెళ్లి నర్సింహమ్మకు అంతా చెప్పింది. "నీళ్లు నావల్ల కాలేదు పెద్దమ్మా. మీది మూఢనమ్మకమని రాయనన్నందుకు నాకు మెమో ఇస్తారట. కానీ వాళ్ల మీద కోపానికి బిడ్డను పణంగా పెట్టొద్దు."

నర్సింహమ్మ లోపలున్న దేవమ్మ వైపు చూసింది. పోయిన మనవడిని చివరిదాకా ఒళ్లో పెట్టుకున్నది ఆమే.

"మా అర్జీల తీర్గ నీకు గూడ కాయిదమేనా," అంది. "సరే, ఏపిస్త. గీడ గాదు, నీ డాక్టరు ముంగట. నడు."

మధ్యాహ్నానికి ఆరోగ్య కేంద్రం ముందు ట్రాక్టరు ఆగింది. గర్భిణులు, వాళ్ల అత్తలు, ఒక్కో అత్త చంకన బావి నీళ్ల బిందె. వరండా నిండింది. ఎండకు ఆ నీళ్ల కంపు గదుల్లోకి పాకింది. వీరలక్ష్మి అక్కడే స్టవ్వు వెలిగించి సిరంజీలు మరిగించి, ముందు దేవమ్మకు వేసింది. తర్వాత మిగతావాళ్లకు.

డాక్టరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని బయటికొచ్చాడు. "అయిపోయిందిగా, పంపించెయ్యండి."

"సూది వేశాక కాసేపు కూర్చోబెట్టాలండి. ట్రైనింగులో మీరే చెప్పారు."

"ఎంతసేపు?"

"ట్యాంకరు వచ్చేదాంక," అంది నర్సింహమ్మ, తన బిందెను ఆయన గుమ్మం ముందుకు జరిపి. "ఎండల నిలవడ్డవు సారూ. ఒక గిలాస తాగుతవా?"

డాక్టరు లోపలికి వెళ్లి ట్యాంకరు కోసం ఫోను అందుకున్నాడు. వీరలక్ష్మి స్టవ్వు ఆర్పి, ఆడవాళ్ల మధ్య చోటు చూసుకుని నేల మీద కూర్చుంది.